మూడో గది తలుపు

ఏప్రిల్ 27

ఇవాళ కూడా అరిచాను. కారణం లేకుండా కాదు.

గుహ చూపించే పనిలో ముప్ఫై ఏళ్ళు నిండిన మనిషికి బుద్ధి నిండకపోతే ఎవరు చెప్పాలి? పన్నెండు గంటల జట్టులో నలభై మంది. వాళ్ళని రెండో గది చివరికి నడిపించి, మూడో గదిలోకి పోయే ఇరుకు సందు ముందు నిలబెట్టి, చప్పట్ల తాత ఎప్పటిలాగే గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడు నల్ల తెర లేస్తుంది, చూడండి బాబూ." రెండు చేతులూ పైకెత్తి ఒకే ఒక్క చప్పట కొట్టాడు. లోపల వేల గబ్బిలాలు ఒక్కసారిగా లేచాయి. జనం ఈలలు వేశారు. ఒకాయన చంటిపిల్లని భుజానికెత్తుకుని మరీ చూపించాడు.

నేను టికెట్ల కిటికీ వదిలేసి లోపలికి పరిగెత్తాను.

"తాతా, అది పురుళ్ళ వార్డు. పురుళ్ళ వార్డు ముందు ఎవరైనా టపాసులు కాలుస్తారా?"

"పురుళ్ళ వార్డుకి టికెట్టు పెట్టరు కదమ్మాయ్," అన్నాడు.

నలభై మందీ నవ్వారు. నా మీద. అప్పుడు అరిచాను.

గబ్బిలాల సంరక్షణ మీద వేసిన పచ్చట్ట కరపత్రం ఇంటికొచ్చి మళ్ళీ చదివాను. నా దగ్గరున్న పదకొండింటిలో అదే నిప్పు. తల్లి గబ్బిలానికి ఏడాదికి ఒకటే పిల్ల. పిల్ల తల్లి రొమ్ము పట్టుకుని వేలాడుతుంది. ఉలిక్కిపడి లేస్తే పిల్ల జారి రాతి మీద పడుతుంది. పడిన పిల్లని మళ్ళీ ఎత్తుకునే తల్లులు తక్కువ. ఈ వాక్యాల కింద ఎర్ర పెన్నుతో రెండేసి గీతలు గీశాను. చివరి నాలుగు పేజీలూ కొలతలు, పట్టికలు. ఇంజినీర్ల కోసం కాబోలు. వదిలేశాను.

ఏప్రిల్ 29

తలుపు కొట్టకుండా మేనేజరు గారి గదిలోకి వెళ్ళాను. తప్పే. కానీ మూడో గదిలో రంగు దీపాలూ స్పీకర్లూ పెట్టిస్తారని తెలిశాక ఎవరైనా తలుపు కొడతారా?

ఆయన కుర్చీ చూపించారు. "కూర్చోమ్మా. మంచినీళ్ళు తాగు. ఆవేశంలో మనిషికి దాహం వేస్తుంది."

విషయం ఇది. వన్యప్రాణి శాఖ ఆఫీసరమ్మ మే 20న వచ్చి సాయంత్రం గబ్బిలాలని స్వయంగా లెక్కపెడుతుంది. వెయ్యి దాటాలి. మనుషులు లోపలికి వెళ్ళకుండా గదిని మూసే ఏర్పాటూ ఉండాలి. రెండూ ఉంటే ఆగస్టు చివరిదాకా ఆ గది జోలికి ఎవరూ పోకూడదు. రెండిట్లో ఏది లేకపోయినా దీపాలకి అనుమతి. అంతవరకూ రోజూ లెక్క ఒక రిజిస్టరులో రాయాలి. ఆ పని నాకే ఇచ్చారు.

మూడో గదికి ఇనుప తలుపు అడగడానికి ఆరు కారణాలు ముందే రాసుకుని వెళ్ళాను. చీకటి పడ్డాక కుర్రాళ్ళు దూరి తాగడం, గోడల మీద పేర్లు చెక్కడం, ఇలా. రెండో కారణం దగ్గరే ఆయన చెయ్యి ఊపారు. "పెట్టించమ్మా. రేపు దీపాలు పెట్టినా కాపలాకి పనికొస్తుంది."

గెలిచాను. ఇంత తేలిగ్గా ఎందుకు ఒప్పుకున్నాడే అంది అమ్మ, మిషను మీంచి తల ఎత్తకుండా. అమ్మకి దర్జీ పని వల్ల ప్రతిదాంట్లోనూ కుట్టు వెతకడం అలవాటు.

మే 2

మావయ్య వెల్డింగు షాపు మా ఇంటి కిందే కాబట్టి బేరం మెట్ల మీదే కుదిరింది. బేరమంటే, చేసి పెడతానన్నాడు.

"సందు ఎంత వదలమంటావే?"

"పిల్లి కూడా దూరకూడదు మావయ్యా. నిలువు కడ్డీలు దగ్గర దగ్గరగా వెయ్యి. వాటి మీద జాలీ కొట్టు."

"మరి అవి?"

"ఏవి?"

"నువ్వు కాపాడుతున్నవి."

"పైన జానెడు సందు వదులు. గుప్పిట్లో పట్టే ప్రాణికి జానెడు చాలదా?"

మావయ్య అద్దాలు నుదుటి మీదికి తోసి గడ్డం గోక్కున్నాడు. "నా షట్టరు దించి కింద జానెడు వదిలితే నేను బయటికి రాగలనా?"

"నువ్వు ఎగరవు కదా."

"అదీ నిజమే," అని అద్దాలు దించుకున్నాడు. నిప్పురవ్వలు చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. ఇనుము నా మాట వింటున్నట్టు అనిపించింది.

మే 4

తలుపు బిగించాం. నలుగురం మోసుకెళ్ళాం. తాళం కప్ప కూడా కొత్తది. తాళంచెవి ఆఫీసు గోడకున్న కొయ్య మీద పెట్టాను.

చప్పట్ల తాత వచ్చి తలుపుని కింది నుంచి పైదాకా చూశాడు. జాలీలో చిటికెన వేలు పెట్టి తీశాడు. తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఓడినవాళ్ళు అలాగే ఉంటారు.

మే 5

గుహ నోటి పక్క బండ మీద కూర్చుని లెక్కపెట్టాను. పదికో గీత. 1,870.

మే 6

1,910. తలుపు ఫలితం.

మే 7

ఇవాళ అరవలేదు.

మే 9

తాత కొత్త వేషం ఇవాళ నా కంట పడింది. సందు ముందు జట్టుని నిలబెట్టి, చేతులు పైకెత్తి, అరచేతులు తగలకుండా అంగుళం దూరంలో ఆపేస్తున్నాడు. చప్పుడు లేని చప్పట. జనం నవ్వుతున్నారు. ఒక పిల్ల "తాతా, మీది పాడైపోయిందా" అని అడిగింది.

నన్ను వెక్కిరించడానికే. నేను పట్టించుకోలేదు.

1,885.

మే 12

ఇవాళ అందరికంటే ముందు వెళ్ళాను. మూడో గది తలుపు బార్లా తీసి ఉంది. తాళం కప్ప కొక్కేనికి వేలాడుతోంది. రెండో గదిలో ఒక ఖాళీ సీసా.

సాయంత్రం దీపాలు ఆర్పడానికి ఆఖరున లోపలికి వెళ్ళేది ఒక్క మనిషి. ఆ మనిషి ఎవరో ఇక్కడ రాయను. రాయాల్సిన చోట రాస్తాను.

మే 13

పట్టుకున్నాను.

గుహ మూసే వేళ రెండో గదిలో స్తంభం వెనక నక్కాను. తాత దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ వచ్చాడు. జేబులోంచి తాళంచెవి తీశాడు. కొయ్య మీద ఉండాల్సినది. తలుపు తీసి, అది ఊగకుండా కింద ఒక రాయి పెట్టాడు.

"తాగేవాళ్ళకి కాపలా కాస్తున్నారా తాతా?"

ఉలిక్కిపడి పెదాల మీద వేలు పెట్టుకున్నాడు. "మెల్లగా అమ్మాయ్. ఇలా వచ్చి కాసేపు కూర్చో. నువ్వే చూస్తావు."

"చూసింది చాలు."

"కాసేపేనమ్మా. పది నిమిషాలు."

ఆయన పది నిమిషాలు నాకెందుకు? చేతిలోంచి తాళంచెవి లాక్కుని, రాయి తన్నేసి, తలుపు వేసి, తాళం పెట్టి వచ్చేశాను. ఫిర్యాదు మూడు పేజీలు వచ్చింది. భాష బాగా కుదిరింది. 'రక్షకుడి దుస్తుల్లో భక్షకుడు' అన్న ముక్క నాదే, ఏ కరపత్రంలోంచీ తీసుకోలేదు.

మే 14

మేనేజరు గారు మూడు పేజీలూ నిలబడే చదివారు. ఆయన అంత సంతోషంగా ఉండగా ఎప్పుడూ చూడలేదు. విచారణ అయ్యేదాకా తాతని ఇంటి దగ్గరే ఉండమన్నారు. తాత తన టార్చి బల్ల మీద పెట్టి, నా వైపు చూసి, "తలుపు..." అని ఏదో అనబోయాడు. నేను టికెట్లు చింపుతున్నాను.

తాళంచెవి ఇప్పుడు నా మెడలో ఉంది. జాలి వేయలేదు.

లెక్క: 212. మబ్బు వల్ల.

మే 15

90. మబ్బు వల్ల.

మబ్బెక్కడిదే, బట్టలన్నీ మధ్యాహ్నానికే ఎండిపోయాయి అంది అమ్మ. ఆవిడకి అంతా హేళనే.

మే 16

రాయబుద్ధి కావడం లేదు. అయినా రాయాలి. రాస్తాను.

ఇవాళ బండ మీద కూర్చుంటే పదిహేడే వచ్చాయి. పదిహేడు. ఇంక మబ్బు అని రాయలేకపోయాను. లేచి లోపలికి వెళ్ళాను.

రెండో గది మధ్యకి వచ్చేసరికి చప్పుడు వినిపించింది. పాత గొడుగులు వంద ఒకేసారి విప్పి మూస్తున్నట్టు. టార్చి మీద చేతిరుమాలు కప్పి వెలుగు వేశాను. నా తలుపు కనపడలేదు. జాలీ మొత్తం గబ్బిలాలే. ఒకదాని మీద ఒకటి, గోళ్ళతో పట్టుకుని, ముక్కులు జాలీ కన్నాల్లో దూర్చి. వెనక నుంచి ఇంకా వచ్చి కొట్టుకుంటున్నాయి. పైన నేను దయతో వదిలిన జానెడు సందులో ఒకటి రెక్క ఇరుక్కుని వేలాడుతోంది. దాని వెనక వంద.

అవి పక్షుల్లా వాలి, నడిచి, సందు చూసుకుని రావు. రెక్క పూర్తిగా విప్పితేనే వాటికి దారి. ఈ సంగతి కళ్ళతో చూస్తే పది నిమిషాల్లో తెలుస్తుంది.

పది నిమిషాలు.

తాళంచెవి కప్పలో దూరలేదు. మూడోసారికి తిరిగింది. తలుపు లాగి గోడకి అంటుకుపోయాను. అవన్నీ నా మీంచే వెళ్ళాయి. ఎంతసేపో తెలియదు. ఒక్కటి కూడా నన్ను తాకలేదు. తర్వాత కింద వెలుగు వేశాను. పెద్దవి అయిదు, పిల్లలు పదకొండు.

చనిపోయినవి. రాయాల్సిన మాట అది.

తాత రోజూ తీసింది ఇందుకు. తెల్లవారి అవి తిరిగి రావాలి కాబట్టి రాత్రంతా తీసే ఉంచాడు. 1,870, 1,910, 1,885. ఆ లెక్కలు నా తలుపువి కావు. ఆ తీసిన తలుపులోంచి తాగుబోతులు దూరిన మాటా నిజమే కావచ్చు. కానీ నేను వాళ్ళకి అడ్డం పెడుతున్నాననుకుని వీటికి పెట్టాను.

మే 17

పొద్దున్నే తాత ఇంటికి వెళ్ళాను. ఒకే గది. మంచం మీద కూర్చుని చొక్కాకి బొత్తాం కుట్టుకుంటున్నాడు. గుమ్మంలోంచే చెప్పేశాను.

"పదహారు చచ్చిపోయాయి తాతా."

సూది ఆగింది. "తలుపు తీశావా?"

"తీశాను. తీసే ఉంది."

"అయితే మిగిలినవి ఉన్నాయి," అని మళ్ళీ కుట్టడం మొదలుపెట్టాడు.

"నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. నీ దగ్గర అది తిరగబడింది. నీ చేతిలో అచ్చేసిన కాయితం ఉంది. నా దగ్గర చప్పట్లున్నాయి. ఎవరి మాట నెగ్గుతుంది?"

"ఆ చప్పట్లు... మీరు నన్ను వెక్కిరించారు కదా, చప్పుడు లేకుండా."

తాత నన్ను వింతగా చూశాడు. "వెక్కిరింతేంటమ్మా. నువ్వు పురుళ్ళ వార్డన్నావు. ఆ మర్నాడు చప్పట కొట్టి, జనం వెళ్ళాక సందులోకి టార్చి వేశాను. రాతి మీద రెండు పిల్లలు. ముప్ఫై ఏళ్ళూ నేను పైకే చూశాను, తెర బాగా లేచిందా లేదా అని. కిందికి ఎప్పుడూ చూడలేదు." దారం పళ్ళతో తెంపాడు. "మానేద్దామంటే చేతులు వాటంతటవే లేస్తున్నాయి. అందుకని మధ్యలో ఆపుతున్నాను."

నాకు ఏడుపు వచ్చింది. తాత చొక్కా తొడుక్కుని, "ఏడుపు తర్వాత. ముందు తలుపు సంగతి చూడు. తలుపు లేకపోతే ఆ గది దీపాలకి పోతుంది," అన్నాడు.

అప్పుడు పచ్చట్ట కరపత్రం తీసి, వదిలేసిన నాలుగు పేజీలు తాత మంచం మీదే కూర్చుని చదివాను. కడ్డీలు అడ్డంగా వెయ్యాలి. నిలువుగా కూడదు. కడ్డీకీ కడ్డీకీ మధ్య ఆరంగుళాలకి కాస్త తక్కువ. జాలీ ఎట్టి పరిస్థితుల్లోనూ కూడదు. అంతా ఉంది. బొమ్మతో సహా.

మధ్యాహ్నం మేనేజరు గారికి నిజం చెప్పాను. తప్పు నాది, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను, తాతని పిలిపించండి అని. ఆయన రిజిస్టరు తెరిచి వేలు పెట్టి చూపించారు. "రెండొందల పన్నెండు. తొంభై. పదిహేడు. నీ అక్షరాలే కదమ్మా? అవి వాటంతట అవే వెళ్ళిపోతున్నాయని ఆఫీసరమ్మకి చూపించడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఫిర్యాదు కూడా నా దగ్గరే ఉండనీ. చక్కగా రాశావు."

కొరివితో తల గోక్కోవడం అంటే ఏమిటో తెలిసింది.

అరవలేదు. గొప్ప కాదు. ఏమని అరవను, అక్షరాలు నావే.

మే 18

తలుపు ఊడదీసి కిందికి, మావయ్య షాపుకి తెచ్చాం. గుహలో వెల్డింగు పొగ పెట్టకూడదు కదా. మావయ్య జాలీ ఊడదీసి, నిలువు కడ్డీలన్నీ కోసేశాడు. పట్టిక పేజీ గోడకి అంటించి కొలత కర్రతో ఒక్కొక్కటే అడ్డంగా అతికాడు.

"ఈ సందులోంచి మనిషి దూరడు. నువ్వు మాత్రం దూరతావేమో, కోపంలో సన్నబడిపోయావు."

"మావయ్యా, ఆ రోజే గట్టిగా చెప్పొచ్చు కదా."

"చెప్పాను కదే, షట్టరు సంగతి. ఇనుముని వంచాలంటే ముందు కాలనివ్వాలి. నువ్వు కాలుతూనే ఉంటావు కానీ వంగవు." ఆ తర్వాత, "ఇవాళ వంగావులే," అన్నాడు.

మే 19

మధ్యాహ్నం బిగించాం. తాతకి గేటు దగ్గర అనుమతి లేదు కాబట్టి కింద రోడ్డు మీద నిలబడి, మేం మోసుకెళుతుంటే "ఎడం, ఎడం" అని చెప్పాడు.

సాయంత్రం లెక్కపెట్టలేదు. ధైర్యం చాలలేదు. పట్టిక పేజీలకి కూడా ఎర్ర గీతలు గీశాను.

మే 20

మొదటి నుంచి రాస్తాను. ఒక్క ముక్క వదలను.

ఆఫీసరమ్మ పొట్టి మనిషి. కాన్వాసు బూట్లు, మెడలో నొక్కితే అంకె మారే లెక్కల డబ్బీ, ఎర్ర వెలుగు టార్చి. వచ్చీ రాగానే "లోపలి దారి బాగా తెలిసినవాళ్ళు ఎవరు?" అంది. మేనేజరు గారు నోరు తెరిచేలోపు, కింద రోడ్డు మీదున్నారు, పిలుచుకొస్తాను అని పరిగెత్తాను. తాత కుట్టుకున్న చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నాడు.

మెట్లెక్కుతూ తాత నా చెవిలో చెప్పాడు. "ముందు వాటిలో పెద్దమనుషుల్లాంటివి రెండు మూడు వస్తాయి, దారి చూడ్డానికి. తలుపు కొత్తది కాబట్టి ఇవాళ ఇంకా అనుమానంగా చూస్తాయి. అప్పుడు చప్పుడైతే వెనక్కెళ్ళి చెప్పేస్తాయి. ఇంక గంటదాకా ఎవరూ రారు. ఆవిడ గంట ఆగదు. నీ నోరు నీ చేతిలో ఉండాలి."

రెండో గదిలో గోడకి ఆనుకుని నలుగురం కూర్చున్నాం. నా పక్కన ఇటు తాత, అటు మేనేజరు గారు, చివర ఆఫీసరమ్మ. దీపాలు ఆర్పేశాం. ఎర్ర వెలుగులో మావయ్య తలుపు నిచ్చెనని పక్కకి తిప్పి నిలబెట్టినట్టుంది.

పావుగంట. ఏమీ లేదు.

"మేడమ్, రిజిస్టరు చూశారు కదా," అన్నారు మేనేజరు గారు, మామూలు గొంతుతోనే. ఆ గదిలో మామూలు గొంతు కూడా మూడుసార్లు తిరిగి వస్తుంది.

"మాట్లాడొద్దు," అంది ఆవిడ.

ఆయన నా వైపు వంగారు. ఈసారి గుసగుస. "మీ మావయ్య తలుపు చేశాడా, కోళ్ళ గంప చేశాడా?"

నేను తలుపు చూస్తున్నాను.

"పదహారింటిని చంపింది నువ్వు. సంరక్షణ గురించి నువ్వు నాకు చెబుతావు."

ఓణీ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ముసలాయన సంగతి కూడా విను. 'రక్షకుడి దుస్తుల్లో భక్షకుడు.' ఆ ముక్క చాలు, ఆయన ఉద్యోగం రేపటితో సరి."

అప్పుడు వచ్చింది. కడుపులోంచి లేచి, గొంతు దాకా, నాలుక చివరి దాకా వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళుగా ఏ అరుపునీ ఆపుకోని మనిషిని. పుట్టినప్పుడు నేను ఏడవలేదట, అరిచానట, అమ్మ చెబుతుంది. ఆయన దానికోసమే చూస్తున్నారు. నేను ఒక్క అరుపు అరిస్తే చాలు, రంగు దీపాలు వెలుగుతాయి.

సరిగ్గా అప్పుడే రెండో కడ్డీకీ మూడో కడ్డీకీ మధ్య ఒక ముక్కు కనపడింది.

తాత చెయ్యి చీకట్లో నా చెయ్యి వెతికి పట్టుకుంది. కాయలు కాసిన అరచెయ్యి, ముప్ఫై ఏళ్ళ చప్పట్లతో గట్టిపడింది. రెండు చేతులతో నా చేతిని నొక్కి పట్టాడు. నేను కొంగు కొరుకుతున్నాను.

ఆ గబ్బిలం కడ్డీ మీద వేలాడి, ఇటు తిరిగింది, అటు తిరిగింది. వెనక్కి వెళ్ళిపోయింది. మేనేజరు గారు గట్టిగా ఊపిరి వదిలారు. మళ్ళీ వచ్చింది. ఈసారి వేలాడలేదు. రెక్కలు పూర్తిగా విప్పి, కడ్డీల మధ్య గాలిలో గీత గీసినట్టు వచ్చేసింది. దాని రొమ్ముకి పిల్ల.

రెండోది. మూడోది. తర్వాత కాసేపు ఏమీ లేదు.

ఆ తర్వాత వచ్చాయి.

చప్పట కొడితే లేచే తెర కాదది. అది నేను చాలాసార్లు చూశాను, అది భయం. ఇది వేరు. అయిదు సందుల్లోంచి అయిదు ఏరులు, ఒకదానికొకటి తగలకుండా, మా తలల మీంచి గుహ నోటి వైపు. ఆఫీసరమ్మ డబ్బీని ఒళ్ళో బట్టలో చుట్టి నొక్కుతోంది, టిక్కు వినపడకుండా. మేనేజరు గారు ఏదో అన్నారు. రెక్కల గాలిలో అది ఎవరికీ వినపడలేదు.

బయటికి వచ్చాక ఆవిడ డబ్బీ వెలుగులో పెట్టి చదివింది. "వెయ్యిన్నీ ఏడొందల ముప్ఫై ఎనిమిది. రిజిస్టరులో పదిహేడు ఎందుకుంది?"

నేనే చెప్పాను. మొత్తం. జాలీ, జానెడు సందు, తాళంచెవి, తాత తలుపు తీయడం, నా మూడు పేజీలు, పదహారు. ఆవిడ అన్నీ రాసుకుంది. మధ్యలో నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. చివర్లో కాగితం మీద రాసి, మేనేజరు గారి చేత సంతకం పెట్టించింది. మూడో గది ఆగస్టు ముప్ఫై ఒకటి దాకా మూసివేత. జట్లు రెండో గది మధ్య దాకానే. తాళంచెవి తాత దగ్గర.

"ఈయన విచారణలో ఉన్నాడు మేడమ్," అన్నారు మేనేజరు గారు.

"దేనికి? వాటిని బతికించినందుకా?"

ఆయన కర్చీఫు తీసుకుని మెడ తుడుచుకున్నారు. దాహం వేసినట్టుంది.

మెట్లు కూడా మునివేళ్ళ మీదే దిగాం. అలవాటైపోయినట్టుంది. కింద రోడ్డు మీద మావయ్య స్కూటరు పక్కన నిలబడి ఉన్నాడు. పక్కనే అమ్మ, చేతిలో సగం కుట్టిన జాకెట్టుతో, సూది దానికే గుచ్చి ఉంది. "ఏమైందే?" అంది. తాత చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. గుహ వైపు చూసి, మూల మలుపు దాటేదాకా మమ్మల్ని నడిపించాడు. మూసేసిన దుకాణాల దగ్గరికొచ్చాక ఆగి, చెవి ఒగ్గి విని, "ఇక్కడికి వినపడదులే," అన్నాడు.

నేను అరిచాను. రెండు పిడికిళ్ళూ బిగించి, ఆకాశం కేసి, ఊపిరి అయిపోయేదాకా. ఒక దుకాణం మీది కిటికీ తెరుచుకుంది.

తాత రెండు చేతులూ పైకెత్తాడు. ఈసారి మధ్యలో ఆపలేదు.